రెండో దెబ్బ పడేదాకా

మధ్యాహ్నం మూడింటికే షెడ్డులో లైటు వేయాల్సి వచ్చింది. అంత మబ్బు. వాన పొద్దుటినుంచి విడవకుండా పడుతోంది. క్వారీలో రాళ్లు కొట్టే పని ఆగిపోయి రెండు రోజులైంది. పనివాళ్లు రేకుల కింద చేరి పేకాడుకుంటున్నారు. చిట్టి మాత్రం ఒక లారీ ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, బుడగ ఎక్కడినుంచి వస్తుందా అని చూస్తూ కూర్చుంది.

ఆ షెడ్డు ఆమె అన్నయ్యది. ఆయన మెకానిక్కు. నడుముకి ఎప్పుడూ ఒక పెద్ద స్పానరు దోపుకుని తిరిగేవాడు కాబట్టి క్వారీలో అందరికీ ఆయన ‘స్పానరన్న’. లవంగం నములుతూ, కిరసనాయిలుతో చేతులు కడుక్కుంటూ ఉండేవాడు. ఆయన వచ్చే ముందు ఆ రెండు వాసనలూ వచ్చేవి. చిట్టి అనే పేరు పెట్టింది ఆయనే. ముప్పై రెండేళ్లు నిండినా ఆమె చిట్టిగానే ఉండిపోయింది. పంక్చర్లు వేయడం, గేర్లు మార్చడం, ఇంజను చప్పుడు విని జబ్బు కనిపెట్టడం అన్నీ ఆయన దగ్గరే నేర్చుకుంది.

నలభై మూడు రోజుల కిందట ఆయన పోయాడు. కొండ మలుపులో, రాతిగోడకీ పికప్ బంపరుకీ మధ్య పడి నలిగిపోయాడు. అప్పుడు స్టీరింగు ముందు కూర్చున్నది చిట్టి మొగుడు.

ఇప్పుడు ఆ మొగుడే తడి తలతో షెడ్డులోకి వచ్చాడు. క్వారీలో పికప్ డ్రైవరు అతనే.

“లెయ్. పైకి పోవాలి. క్వారీ గుంట నీళ్లతో నిండిపోతోందని ఓనరు ఒకటే ఫోన్లు. మోటారు వేసి రావాలి.”

“నేనెందుకండీ?”

“హబ్బులు నీ తాత వేస్తాడా? ఆ బండి ఎక్కమంటే ఒక్కడూ కదలడంలేదు. దెయ్యం పట్టిందంట, వెధవలు.”

ఆ పికప్ పాతకాలం బండి. మామూలుగా వెనక చక్రాలతోనే నడుస్తుంది. బురదలోనో రాళ్లలోనో నాలుగు చక్రాల బలం కావాలంటే లోపల చిన్న లివరు మార్చితే చాలదు. ఒక మనిషి దిగి, ముందు చక్రాల మధ్యలో ఉన్న హబ్బుల్ని ‘ఫ్రీ’ నుంచి ‘లాక్’కి చేత్తో తిప్పాలి. ఇందుకు స్పానరన్న ఒక పద్ధతి పెట్టాడు. దిగినవాడు ముందు ఎడమ హబ్బు తిప్పి, బండి రేకు మీద స్పానరుతో ఒక దెబ్బ కొట్టాలి. తర్వాత బంపరు ముందునుంచి అటు దాటి, డ్రైవరు వైపు హబ్బు తిప్పి రెండో దెబ్బ కొట్టాలి. రెండో దెబ్బ పడేదాకా డ్రైవరు బండి కదపకూడదు. ఎందుకంటే ఆ రెండు దెబ్బల మధ్యలో మనిషి బండి ముందు ఉంటాడు.

“రెండు దెబ్బలూ విన్నాకే కదిపాను. ఎందుకు మళ్లీ ముందుకొచ్చి వంగాడో నాకేం తెలుసు?” అని డ్రైవరు ఆ రోజు అందరి ముందూ తల బాదుకున్నాడు. అందరూ నమ్మారు. చిట్టి కూడా నమ్మాలనే చూసింది.

కానీ బండిని లారీకి గొలుసు కట్టి కిందికి లాక్కొచ్చాక దాన్నెవరూ ముట్టుకోలేదు. నిన్న సాయంత్రం దాని మీద కప్పిన టార్పాలిన్ ఎత్తి చూసింది చిట్టి. ఎడమ హబ్బు లాక్‌లో ఉంది. కుడి హబ్బు ఫ్రీలో ఉంది. హబ్బు తిప్పకుండా అన్నయ్య దెబ్బ కొట్టడు. ప్రాణం పోయినా కొట్టడు. అంటే రెండో దెబ్బ పడలేదు. రాత్రంతా ఆమెకు కంటి మీద కునుకు లేదు.

ఇంకొక సంగతి కూడా ఆమెకు తెలుసు. ఆ ప్రమాదం జరిగిన పొద్దున అన్నయ్య ఆమె మెడ మీద వేళ్ల గుర్తులు చూశాడు. తొమ్మిదేళ్లుగా ఆమె దాచుకొచ్చిన సంగతి అది. డ్రైవరు కర్రలూ బెల్టులూ వాడే మనిషి కాదు. అరచేత్తో కొడతాడు, నిదానంగా, లెక్కగా. అన్నయ్య అరవలేదు, తిట్టలేదు. “పైనుంచి దిగాక నిన్ను మన షెడ్డుకి తీసుకెళ్లిపోతా చిట్టీ. సంచి సర్దుకో,” అని డ్రైవరు వింటుండగానే అన్నాడు. ఆమె సంచి సర్దుకుంది. అన్నయ్య దిగి రాలేదు. తనవల్లే చచ్చిపోయాడన్న మాట నలభై మూడు రోజులుగా ఆమె గొంతులో ముల్లులా ఉంది.

అడగాల్సింది ఆ మలుపులోనే అడగాలి అనుకుంది. పసుపుపచ్చ రెయిన్‌కోటు తొడుక్కుని, అన్నయ్య స్పానరు నడుముకి దోపుకుంది. వెళ్లేముందు వంగి ఎడమ హబ్బు కూడా ఫ్రీకి తిప్పింది. కిందంతా సిమెంటు రోడ్డు, అక్కడ నాలుగు చక్రాలతో పని లేదు.

బండి బయల్దేరింది.

మూడు మలుపుల దాకా సిమెంటు రోడ్డే. నాలుగో మలుపు దగ్గర సిమెంటు అయిపోయి ఎర్రమట్టి ఎత్తు మొదలవుతుంది. వైపర్లు కీచుమంటున్నాయి. మొదటి మలుపులో డ్రైవరు స్టీరింగు తిప్పబోతే అది సగంలో బిగుసుకుంది. ముందు చక్రాలు రోడ్డు మీద ఎగిరెగిరి పడ్డాయి. కింద ఎక్కడో ఇనుము మూలిగింది.

ఆ మూలుగు చిట్టికి తెలుసు. అన్నయ్య ఎన్నోసార్లు చెప్పాడు. గట్టి రోడ్డు మీద నాలుగు చక్రాల బలంతో, అంటే ఫోర్‌లో పోకూడదు. మలుపులో ముందు చక్రాలు ఒక దూరం తిరుగుతాయి, వెనకవి ఒక దూరం తిరుగుతాయి. ఈ బండిలో రెండింటినీ కలిపి కట్టేస్తే సర్దుకోవడానికి దారుండదు. బురదైతే చక్రం జారి ఆ తేడా పోతుంది. సిమెంటు మీద జారదు కాబట్టి తేడా అంతా లోపలి ఇనుములో పురిలా ఎక్కుతుంది. “పురెక్కిన ఇనుము ఊరుకోదు చిట్టీ,” అనేవాడు. “ఎక్కడో ఒకచోట విప్పుకుంటుంది.”

“లివరు ఫోర్‌లో పెట్టారా?” అంది.

“నాకు నేర్పుతున్నావా?” అని డ్రైవరు కిందికి చూశాడు. లివరు ఫోర్‌లోనే ఉంది. అతని మొహం మారింది. “టూలోనే కదా ఉంది ఇందాక...” అని గొణుక్కుంటూ వెనక్కి లాగాడు. రాలేదు. పురెక్కి బిగుసుకుంది. కాస్త రివర్సు పోయి లాగితే ఖట్‌మని వచ్చింది.

రెండో మలుపులో మళ్లీ అదే మూలుగు. లివరు మళ్లీ ఫోర్‌లో.

ఈసారి చిట్టి తలుపు పిడి పట్టుకుంది. లివరు సంగతి పక్కన పెడితే, హబ్బులు రెండూ ఫ్రీలో ఉన్నాయి. ఆమే చూసింది, ఆమే తిప్పింది. హబ్బులు ఫ్రీలో ఉంటే లివరు ఎక్కడున్నా ముందు చక్రాలు వాటి మానాన అవి తిరుగుతాయి. పురి ఎక్కే దారే లేదు. అయినా ఎక్కుతోంది.

క్యాబిన్లోకి సన్నగా కిరసనాయిలు వాసన వచ్చింది. ఆ వెనకే లవంగం.

“కిటికీ ఎత్తు,” అన్నాడు డ్రైవరు.

“ఎత్తే ఉందండీ.”

నాలుగో మలుపు వచ్చింది. అక్కడ రోడ్డు నేరుగా రాతిగోడ మీదికి పోయి, గోడ ముందు ఒక్కసారిగా పక్కకి తిరుగుతుంది. చదునుగా ఉన్నది ఆ కాస్త చోటే. హబ్బులు వేయడానికి ఎప్పుడూ అక్కడే ఆపుతారు. డ్రైవరు ఆపాడు. బంపరుకీ గోడకీ మధ్య నాలుగడుగులుంటుంది. గోడ మీద ఒకచోట రాయి తెల్లగా గీసుకుపోయి ఉంది. వాన దాన్ని కడిగి కడిగి ఇంకా తెల్లగా చేసింది.

“ఏవండీ,” అంది చిట్టి. “ఆ రోజు రెండో దెబ్బ విన్నారా?”

“ఎన్నిసార్లు చెప్పాలి?”

“కుడి హబ్బు ఫ్రీలో ఉంది. నిన్న చూశాను.”

డ్రైవరు చెయ్యి లేచింది. మొదటి దెబ్బకి ఆమె తల కిటికీ అద్దానికి తగిలింది. రెండోదానికి కళ్లు బైర్లు కమ్మాయి. జుట్టు పట్టి మొహాన్ని డ్యాష్‌బోర్డుకేసి కొట్టాడు. పెదవి చిట్లి నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. ఇంకోసారి కొట్టాడు. ముక్కులోంచి వెచ్చగా కారి రెయిన్‌కోటు మీద పడింది.

“ఎవరికి చెప్పావ్?”

“ఎవరికీ...”

“చెప్పలేదుగా?”

“లేదండీ.”

అతను ఊపిరి పీల్చుకున్నాడు. గొంతు ఉన్నట్టుండి మెత్తబడింది. తొమ్మిదేళ్లలో ఆమె అన్నింటికంటే ఎక్కువ భయపడింది ఆ మెత్తదనానికే. “సరే. అయిందేదో అయింది. దిగి హబ్బులు వేసిరా.”

ఆమెకు అర్థమైంది. అన్నయ్యకి కూడా ఇలాగే చెప్పి ఉంటాడు. దిగకపోతే క్యాబిన్లోనే చంపుతాడు. దిగి పరిగెత్తితే ఇటు గోడ, అటు లోయ, వెనక మైలు పొడుగునా ఖాళీ రోడ్డు. బండికంటే వేగంగా పరిగెత్తలేదు.

దిగింది. ఎడమ హబ్బు లాక్‌కి తిప్పింది. స్పానరు తీసి రేకు మీద ఒక దెబ్బ కొట్టింది.

ఇప్పుడు బంపరు ముందునుంచి దాటాలి.

ఆమె దాటలేదు. నడుం వంచి, డ్రైవరు అద్దంలో పడకుండా బండి పక్కనుంచి వెనక్కి పాకింది. వెనక తలుపు కింద బురదలో నక్కి కూర్చుంది.

ఇంజను ఒక్కసారిగా గర్జించింది. బండి ముందుకి దూకింది... గోడకి గుద్దుకుంది. గాజు పగిలింది. రాళ్లు రాలాయి. గేరు మారిన చప్పుడు... బండి రెండడుగులు వెనక్కొచ్చి, మళ్లీ దూకింది. మళ్లీ గుద్దింది. మూడోసారి కూడా.

చిట్టి రెండు చేతులూ నోట్లో కుక్కుకుంది. ఇలాగన్నమాట. ఒక్కసారి కాదు, మూడుసార్లు. అన్నయ్యని మూడుసార్లు.

బండి మళ్లీ కొంచెం వెనక్కొచ్చి ఆగింది. హ్యాండ్‌బ్రేకు లాగిన చప్పుడు. ఇంజను నడుస్తూనే ఉంది. డ్రైవరు జాకీ రాడ్డు పట్టుకుని దిగాడు. ముందుకెళ్లి వంగాడు. బంపరు కింద రాడ్డుతో కెలికాడు.

రాడ్డు చప్పుడు ఆగిపోయింది.

“ఏమే...” అన్నాడు. గొంతులో సందేహం. “ఎక్కడున్నావే?”

అడుగులు బండి పక్కనుంచి వెనక్కొస్తున్నాయి. ఒక్కొక్కటే... బురదలో చప్... చప్... ఆగాయి. అతను వంగి చూశాడు. ఆమె కనిపించింది. ఆమెను చూసి సంతోషించాలో, మండిపడాలో, భయపడాలో తెలియనట్టు చూశాడు.

“నువ్విక్కడుంటే,” అన్నాడు గుసగుసగా, “మరి ముందునుంచి దాటింది ఎవరు?”

ఆమె స్పానరు గట్టిగా పట్టుకుంది.

“నీలం చొక్కా... వంగి నడిచింది... నా కళ్లతో చూశాను.”

అన్నయ్య నీలం చొక్కాలోనే పోయాడు.

డ్రైవరు ఆ ఆలోచన అక్కడితో తుంచేశాడు. ఆలోచించడంకంటే కొట్టడం అతనికి తేలిక. రాడ్డు ఆమె భుజం మీద పడింది. లోపల ఎముక విరిగిన చప్పుడు ఆమెకే వినిపించింది. చేతిలోని స్పానరు బురదలో పడిపోయింది. అతను ఆమె జుట్టు చేతికి చుట్టుకుని డ్రైవరు తలుపు పక్కనుంచి ముందుకి ఈడ్చాడు. గోడ ముందు పడేసి పని పూర్తి చేయాలని. ఆమె తన్నింది, కొరికింది. మడమలు బురదలో చాళ్లు తీస్తూ పోయాయి. ముందు చక్రం దగ్గరికి రాగానే దొరికినదాన్ని పట్టుకుంది. అది కుడి హబ్బు.

గట్టిగా పట్టుకుని వేలాడింది. అతను అప్పటికే బంపరు ముందుకి తిరిగాడు. అక్కడినుంచి జుట్టు లాగుతున్నాడు. నెత్తిమీది చర్మం ఊడొస్తున్నట్టుంది.

అప్పుడు ఆమె వేళ్ల కింద హబ్బు కదిలింది.

ఆమె తిప్పలేదు. తిప్పే బలం ఆ చేతిలో లేదు. ఫ్రీ నుంచి లాక్‌కి నెమ్మదిగా, తెలిసిన చెయ్యి తిప్పినట్టు తిరిగింది. టక్.

ఆమె తల మీది రేకు మీద ఇనుము పడింది.

ఠంగ్.

రెండో దెబ్బ.

డ్రైవరు ఆగిపోయాడు. “ఎవరది?” అన్నాడు. ఎవరూ లేరు. స్పానరు బండి వెనక బురదలో ఉంది.

బండి కదిలింది.

దూకలేదు, గర్జించలేదు. ఇంజను చప్పుడు కాస్త కూడా పెరగలేదు. లో గేరులో రాళ్లెక్కేటప్పుడు పాకినట్టు పాకింది. నాలుగు చక్రాలూ బురదని పట్టుకున్నాయి, ఒక్కటీ జారలేదు. అన్నయ్య అనేవాడు... లో గేరులో బండికి తొందరుండదు, కానీ దాన్ని ఏదీ ఆపలేదు అని.

ఆమె హబ్బు వదిలి పక్కకి దొర్లింది. అతను జుట్టు వదిలాడు. పక్కకి దూకబోయి బురదలో కాలు జారి కూర్చుండిపోయాడు. లేచేసరికి బంపరు అతని తొడల దాకా వచ్చింది. రాడ్డు పడేసి రెండు చేతులతో బానెట్టుని నెట్టాడు.

“ఆపు... ఆపవే... తాళం తిప్పు...”

చిట్టి లేచి తలుపు దగ్గరికెళ్లింది. లోపల ఎవరూ లేరు. హ్యాండ్‌బ్రేకు లాగే ఉంది. లివరు లో గేరులో ఉంది. సీటు మీద, మనిషి కూర్చున్నంత మేర తడి. ఆమె చెయ్యి లోపలికి పెట్టింది. వేళ్లు తాళాన్ని అందుకున్నాయి. ఒక్కసారి తిప్పితే బండి ఆగిపోతుంది.

అతను అరచేత్తో బానెట్టు మీద కొడుతున్నాడు. ఒకటి. రెండు. మూడు. కేక వేయబోతే కేక రాలేదు, నోట్లోంచి రక్తం వచ్చి అద్దం మీద చిమ్మింది. నాలుగు. బండి ఇంకో అంగుళం పాకింది. కర్ర విరిగినట్టు ఏదో విరిగింది. ఐదు. అతని కళ్లు ఆమె కళ్లలోకి చూస్తున్నాయి. ఆరు... మెత్తగా పడింది.

ఏడోది పడలేదు.

చిట్టి ఇంకా కాసేపు ఆగింది. అప్పుడు తాళం తిప్పింది.

ఎంతసేపు అలా నిలబడిందో తెలియదు. వాన సన్నబడింది. విరిగిన చెయ్యి ఒడిలో పెట్టుకుని స్టీరింగు ముందు కూర్చుంది. ఏడవాలనుకుంది, ఏడుపు రాలేదు. మనసులో దుఃఖం లేదు, పాపం చేశానన్న బాధ కూడా లేదు. ఎప్పుడో దించాల్సిన బరువు దించినట్టు ఒళ్లు తేలిగ్గా ఉంది. ఆ తేలికకే ఆమెకు భయమేసింది. కిందికెళ్లి మనుషుల్ని పిలవాలి. బండి స్టార్టు చేసి రివర్సు వేసింది. ముందు ఏదో జారి బురదలో పడిన చప్పుడు వినిపించింది. అటు చూడలేదు.

వెనక్కి తీసి, పక్క జాగాలో మెల్లిగా తిప్పుకుని, రెండు మలుపులు దిగింది. సిమెంటు మీద స్టీరింగు బిగుసుకుపోయింది. కింద ఇనుము మూలిగింది. లివరు రాలేదు. ఆమె ఆపి, అన్నయ్య చెప్పినట్టు బండిని కొంచెం వెనక్కి పోనిచ్చి లాగింది. పురి విప్పుకుంది. లివరు టూలోకి వచ్చింది.

ఇక హబ్బులు ఫ్రీ చేయాలి. దిగాలి. ఆమెకు దిగే ధైర్యం లేదు.

ఇంజను నడుస్తుండగా అలాగే కూర్చుంది. కిరసనాయిలు వాసన వచ్చింది. లవంగం వాసన వచ్చింది.

ఎడమ చక్రం దగ్గర, టక్. రేకు మీద ఇనుప దెబ్బ, ఠంగ్.

“అన్నయ్యా,” అంది. నలభై మూడు రోజుల తర్వాత ఇప్పుడొచ్చింది ఏడుపు. వెక్కి వెక్కి ఏడ్చింది.

బంపరు ముందునుంచి ఎవరో దాటుతున్నంతసేపు క్లచ్ తొక్కిపట్టి ఆగింది. పద్ధతి పద్ధతే. కుడి చక్రం దగ్గర, ఆమె తలుపు పక్కనే, టక్. ఠంగ్.

రెండు దెబ్బలూ పడ్డాయి. దారి ఖాళీ. కళ్లు తుడుచుకుని, మొదటి గేరు వేసి, క్లచ్ మీదినుంచి కాలు మెల్లిగా తీయబోయింది.

బండి ముందు, బంపరుకి దగ్గరగా, అద్దంలోంచి కనబడనంత కిందనుంచి బానెట్టు మీద ఇంకో దెబ్బ పడింది.

అది ఇనుము చప్పుడు కాదు. తడి అరచేతి చప్పుడు. ఆ చప్పుడు ఆమెకు తొమ్మిదేళ్లుగా తెలుసు.

ఏడు.